నల్లదారం కట్ట

"మేడమీద డిక్షనరీ ఆఫీసులో ఎర్రసిరా అమ్మాయి ఉంది చూడండి, ముప్ఫై దాటినా పెళ్ళిమాట ఎత్తనివ్వడం లేదట. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక. ఒకడి ముక్కు బాలేదట. ఒకడి మాట బాలేదట. ఇంకొకడికి అన్నీ బావున్నాయి కాబట్టి అనుమానంగా ఉందట! ఆ పాత చెక్కసొరుగులతోనే కాపురం చేస్తోందనుకోండి" అని మేడకింద వాటాలో ఉండే పిన్నిగారు ఇస్త్రీ షాపతనితో అన్నదట. అతను చొక్కా మడతపెడుతూ ఆ మాట ఆఫీసు నడిపే మాస్టారి చెవిన వేశాడట. మాస్టారు దాన్ని ఉత్తరం చివర్లో రాసి, అలవాటు కొద్దీ కింద ఒక గమనిక చేర్చారు: "విన్నది విన్నట్టు రాశాను. మూలం సరిచూడలేదు."

అసలు ఉత్తరం వేరే సంగతి. ఆఫీసు మూసేస్తున్నారు. కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి పట్టుకుపోతారు. పోయేలోపు వరస సరిచేయాలి. పాత చేతులైతేనే పని తొందరగా తెములుతుంది. ఒక నాలుగు రోజులు వచ్చిపోగలవా అని.

ఆ ఉత్తరం అందుకున్నతను స్కూల్లో టీచరు. స్టాఫ్‌రూంలో నిలబడే ఉత్తరం చదివాడు. రెండోసారి కూచుని చదివాడు. మూడోసారి చివరి నాలుగు లైన్లే చదివాడు.

"లీవెందుకండీ?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

"పాత ఆఫీసులో కాస్త సర్దుడు పనుంది మేడమ్."

అబద్ధమేమీ కాదు. కాని అతను పరుగెత్తుకుని వెళ్తున్నది ఒకే ఒక్క కార్డు కోసం. ఎనిమిదేళ్ళ కిందట తన చేత్తో రాసిన కార్డు. దాని వెనక ఏం రాశాడో తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ముక్కూమొహం తెలియని ఎవడో దాన్ని చదివి, పక్కవాడికి చూపించి, ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేలోపు దాన్ని సంపాదించి ముక్కలు ముక్కలు చేయాలి. అంతే. ఎర్రసిరా అమ్మాయి అక్కడ ఉందా లేదా అన్నది తనకు అనవసరం.

అలా అనుకుంటూనే ఇస్త్రీ చొక్కాలు మూడు పెట్టెలో పెట్టుకున్నాడు.

*

ఆ ఆఫీసు పద్ధతే వేరు. మేడమీద పొడుగాటి హాలు. గోడపొడవునా చిన్నచిన్న చెక్కసొరుగులు, ఒక్కోదానికి ఒక్కో ఇత్తడి పిడి. హాలు మధ్యలో ఎదురెదురుగా రెండు బల్లలు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాయడం అక్కడి పని. అరచేయంత కార్డు మీద ఒకరు నీలంసిరాతో అర్థం రాస్తారు. ఎదుటివాళ్ళు ఎర్రసిరాతో ఆ అర్థాన్ని ఒక వాక్యంలో పెట్టి, తేదీ వేస్తారు. వాక్యం నిలబడితే కార్డు సొరుగులోకి పోతుంది. నిలబడకపోతే తిరుగుటపాలో వెనక్కి వస్తుంది.

ఇంకో రూలు కూడా ఉంది. హాల్లో పని గురించి నోటితో వాదించుకోకూడదు. "నోటిమాట గాలికి పోతుందయ్యా. పదేళ్ళ తర్వాత ఎవడైనా ఈ అర్థం ఎందుకు రాశారని అడిగితే నీ గాలిని ఎక్కణ్ణుంచి తెస్తాను? ఏం చెప్పాలన్నా కార్డు వెనక రాయి" అనేవారు మాస్టారు.

అతను చేరిన మొదటిరోజు పద్దెనిమిది కార్డులు రాశాడు. సాయంత్రానికి పద్నాలుగు వెనక్కి వచ్చాయి. అన్నిటి మీదా ఒకే ఎర్రముక్క: "వాక్యంలో కూర్చోవడం లేదు."

తలెత్తి చూశాడు. ఎదురు బల్ల మీద కళ్ళద్దాల అమ్మాయి ఏమీ ఎరగనట్టు పెన్నులో సిరా నింపుకుంటోంది.

పద్నాలుగో కార్డు వెనక రాశాడు: "మీకేమైనా నామీద కోపమా?"

జవాబు వచ్చింది: "మీమీద కాదు. మీ వాక్యాల మీద. మిమ్మల్ని ఇంకా చూడలేదు, మీ కార్డుల కట్ట అడ్డంగా ఉంది."

ఆవేళ నుంచి అతను నీలంసిరా, ఆమె ఎర్రసిరా. మాస్టారితో సహా అందరూ అలాగే పిలిచేవారు. అసలు పేర్లు హాజరుపట్టీకే పనికొచ్చేవి.

ఆరునెలలు గడిచాక మాస్టారు అతని చేతికి ఒక మాట ఇచ్చారు. సెట్. ఇంగ్లీషులో మూడక్షరాల పొట్టిమాట.

"ఇదా మాస్టారూ? అందరికీ తెలిసిందేగా. పది కార్డుల్లో తేల్చేస్తాను."

మాస్టారు నవ్వారు. "తెలిసిన మాటలే మనల్ని తినేస్తాయయ్యా. తెలియని మాటకు ఒకటే అర్థం, అది దర్జాగా కుర్చీలో కూచుంటుంది. ఇది అలా కాదు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పనిచేసిన మాట. ఎవరింట్లో ఏం చేసిపెట్టిందో తలుపుతలుపూ తట్టి అడిగి రావాలి."

ఏడు నెలలు పట్టింది. మూడొందల పన్నెండు కార్డులు. సూర్యుడు కుంకితే సెట్. విరిగిన ఎముక అతికిస్తే సెట్. గడియారం సరిచేస్తే, బల్ల సర్దితే, వల పన్నితే, వడ్రంగి రంపం పళ్ళు ఒకటి అటూ ఒకటి ఇటూ వంచితే, సిమెంటు గట్టిపడితే, పాలు తోడుకుంటే అన్నీ అదే. అతను పొలం గట్ల మీద పెరిగినవాడు కాబట్టి ఆమె ఎరగని అర్థాలు కూడా పట్టుకొచ్చాడు.

"కోడిని గుడ్ల మీద పొదగేయు" అని నీలంతో రాశాడు.

వెనక ఎర్రసిరా: "ఇది మీరు కల్పించారు కదూ? కోడి దానంతటదే కూర్చోదా?"

నీలం: "కూర్చోదు. దానికి బుద్ధి పుట్టాలి, మనం గంప చూపించాలి. బలవంతాన కూర్చోబెడితే లేచిపోతుంది."

ఎరుపు: "చాలా అనుభవం ఉన్నట్టుంది."

నీలం: "కోళ్ళతోనే."

ఆ కార్డు చదివి ఆమె నవ్వాపుకోలేక దగ్గింది. మాస్టారు మంచినీళ్ళు తాగమన్నారు.

మరో కార్డు. "పూత పిందె కట్టు."

ఎరుపు: "పూసిందంతా పిందె కడుతుందా?"

నీలం: "కట్టదు. గాలి, వాన, పురుగు. సగానికి పైగా రాలిపోతుంది. రాలినదాని గురించి చెట్టు ఏడవదు."

దానికి ఆమె వెంటనే ఏమీ రాయలేదు. కార్డు తన దగ్గరే అట్టేపెట్టుకుంది.

ఆ ఏడు వాన ముందే వచ్చింది. ఒక మధ్యాహ్నం మేడకప్పు ఉన్నట్టుండి కారడం మొదలుపెట్టింది. సరిగ్గా ఎస్ అక్షరం సొరుగుల మీద. మాస్టారు బయటికి వెళ్ళి ఉన్నారు. ఇద్దరూ ఒక్కసారే లేచారు. మూల ఉన్న రెక్సిన్ గుడ్డ లాగారు. రూలు ఎటుపోయిందో ఎవరికీ గుర్తులేదు.

"పట్టుకోండి!"

"పట్టుకున్నా!"

"ఆ కొస కాదండీ, ఈ కొస! అబ్బా, మీరలా లాగితే నాకు అందదు!"

"మీరు కాస్త పొడుగు పెరగాల్సింది!"

"ముందే చెబితే పెరిగేదాన్ని!"

వాన తగ్గేదాకా గంటసేపు ఇద్దరూ గుడ్డ చెరో కొసా పట్టుకుని సొరుగులకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె కళ్ళద్దాలు చెమ్మగిల్లి తెల్లబడ్డాయి. చేతులు ఖాళీ లేవు. తుడుచుకోలేక అలాగే అతనివైపు తిరిగింది.

"దగ్గర్నుంచి వింటే మీ గొంతు ఇలా ఉంటుందనుకోలేదండీ."

"మరెలా ఉంటుందనుకున్నారు?"

"మీ చేతిరాతలాగా. కుడిపక్కకి వాలిపోయి."

ఆ మాటతో అతని పని అయిపోయింది.

శుక్రవారం సాయంత్రం చివరి కార్డు రాశాడు. ముందువైపు: "సెట్. కలిసి ఉండవలసినవి. టీకప్పులవంటివి. ఒకటి లేకపోతే రెండోది వెలితి." వెనకవైపు మూడుసార్లు చిత్తు రాసుకుని మరీ దించాడు: "ఈ అర్థానికి నా దగ్గర వాక్యం లేదు. మీరు రాస్తే బావుంటుంది. మా అమ్మను మీ ఇంటికి తీసుకురానా? సరేనంటే ఎర్రసిరాతో ఒక టిక్కు పెట్టి పంపండి. కాదంటే కార్డు వెనక్కి పంపకండి. నాకు అర్థమవుతుంది." ఆమె ట్రేలో అన్నిటికీ అడుగున పెట్టి, వీధిమలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచాడు.

సోమవారం కార్డు రాలేదు. మంగళవారమూ రాలేదు. గురువారం ఇక ఆగలేక నోరు విప్పాడు.

"నా కార్డులన్నీ చూశారా?"

"చూశాను."

"అన్నీ?"

"అన్నీ చూశానండీ. వెనక్కి పంపాల్సినవేమీ లేవు." అని నవ్వింది కూడా.

ఆ నవ్వు అతనికి ముల్లులా దిగింది. కాదన్నందుకు కాదు, నవ్వుతూ కాదన్నందుకు. పదోరోజున ఎక్కడో దూరాన స్కూల్లో ఉద్యోగం దొరికిందని మాస్టారికి కాగితం ఇచ్చి, గోడగడియారానికి ఆఖరిసారి కీ ఇచ్చి, మెట్లు దిగిపోయాడు. ఎదురుబల్లకు చెప్పలేదు.

*

ఇప్పుడు మెట్లెక్కుతుంటే కాళ్ళు అప్పటి లెక్కనే పట్టుకున్నాయి. ఏడో మెట్టు ఇంకా కదులుతోంది. హాల్లో గోడగడియారం ఆగిపోయి ఉంది. రెండు బల్లలూ అక్కడే ఉన్నాయి. అతని బల్ల మీద సిరాబుడ్డి వదిలిన నీలం మరక కూడా అలాగే ఉంది.

"వచ్చారా?" అంది ఆమె సొరుగు ముందు నుంచి లేవకుండానే.

"వచ్చాను."

"గొంతు మారలేదు."

"మీ అద్దాలు మారాయి."

"నంబరు పెరిగింది. ఎనిమిదేళ్ళు చిన్నక్షరాలు చూస్తే పెరగదూ?"

మాస్టారు కర్ర ఊతంగా వచ్చి ఇద్దర్నీ చూసి, "తాళం వేసేదాకా రూలు రూలే. మాటలు తర్వాత. ముందు వరస చూడండి" అన్నారు.

అతను నేరుగా ఎస్ సొరుగు దగ్గరికి పోయాడు. సెట్ కట్ట తీశాడు. రబ్బరు బ్యాండు ముట్టుకోగానే పొడిపొడిగా రాలింది. ఒక్కో కార్డూ తిప్పుతూ తన కార్డు కోసం వెతకసాగాడు. రంపం, వల, ఎముక, కోడి. కోడి దగ్గర పెదవి కొరుక్కున్నాడు. ముందుకు పోయాడు.

అప్పుడు ఎర్ర తేదీలు కంటబడ్డాయి. తను వెళ్ళిపోయిన తర్వాతి తేదీలు.

"గడియారం సరిచేయు" కింద ఎర్రసిరా వాక్యం: "ఎదుటి కుర్చీ ఖాళీ అయ్యాక మా ఆఫీసులో గడియారం సరిచేసేవాళ్ళు లేరు."

"బల్ల సర్దు": "రెండో బల్లను నేను ఎవరినీ సర్దనివ్వలేదు."

"బయలుదేరు": "చెప్పకుండా బయలుదేరినవాళ్ళను ఏమనాలో ఈ డిక్షనరీలో ఇంకా రాయలేదు."

అతని చేతులు నెమ్మదించాయి. పిందె కార్డు వచ్చింది. దాని మీద తేదీ అన్నిటికంటే ఆలస్యంగా ఉంది. "రాలినదాని గురించి చెట్టు ఏడవదని ఒకాయన రాశాడు. ఆయన చెట్టును అడగలేదు."

ఆ కార్డు విడిగా బల్ల మీద పెట్టాడు. తర్వాత కట్టంతా మళ్ళీ మొదటినుంచీ తిరగేశాడు. తన కార్డు లేదు. టీకప్పుల అర్థం లేదు. జట్టు, వరస, గుంపు. ఆ తరహావి ఒక్కటీ లేవు.

రూలు మళ్ళీ విరిగింది.

"ఏమండీ, ఆ కార్డు ఏం చేశారు?"

"ఏ కార్డు?"

"టీకప్పులది. ఆ శుక్రవారం మీ ట్రేలో అడుగున పెట్టాను."

"టీకప్పులవేవీ నాకు రాలేదే."

"అన్నీ చూశానన్నారు కదా!"

"నా ట్రేలో ఉన్నవన్నీ చూశానన్నాను. లేనివి ఎలా చూస్తానండీ?" అని, అతని మొహం చూసి కుర్చీలోంచి లేచింది. "ఏముంది దాన్లో?"

అతను జవాబు చెప్పేలోపు మాస్టారు అందుకున్నారు. "టీకప్పులా? అవి నా దగ్గర ఉన్నాయి. నల్లదారం కట్టలో."

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు.

మాస్టారికి పాఠం చెప్పే ఉత్సాహం వచ్చింది. "ఆ శనివారం మీరిద్దరూ లేరు. నాకు అనుమానం వచ్చి పెద్ద పుస్తకాలు తిరగేశాను. మనం ఒక్క మాటే అనుకున్నామా? కాదు! కూర్చోబెట్టడం, పెట్టడం అనే సెట్ ఒక కడుపున పుట్టింది. జట్టు అనే సెట్ వేరే ఇంటి బిడ్డ, ఫ్రెంచివాళ్ళ గడప దాటి వచ్చింది. దాని ముత్తాత లాటిన్‌లో ఉన్నాడు. వెంట నడిచేవాళ్ళు అని ఆయన అర్థం. రూపం ఒకటయ్యేసరికి ఒకే తల్లి బిడ్డలనుకున్నాం. అందుకని ట్రేల్లోంచి ఆ కార్డులన్నీ ఏరి వేరే కట్ట కట్టాను. రెండు ఇళ్ళవీ తర్వాత కలిసిపోయాయని కూడా ఒక వాదం ఉంది. అది తేల్చమని ఒక పండితుడికి రాశాను. మూలం తేలేదాకా నల్లదారం విప్పకూడదు. తేలనిదాని గురించి మీకు చెప్పడం దేనికని ఊరుకున్నాను."

"ఎనిమిదేళ్ళయింది మాస్టారూ!" అన్నాడతను. ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"తొందరపడితే మూలాలు తేలవయ్యా."

"ఆ పండితుడు జవాబు రాయలేదా?" అని అడిగింది ఆమె.

"పాపం, నాలుగేళ్ళ కిందట పోయారు. వాళ్ళబ్బాయికి రాశాను."

ఆమె మాస్టారి బీరువా తెరిచి, అడుగరలోంచి కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ముడి బిగిసిపోయింది. గోటితో లాగింది. రాలేదు. పంటితో ప్రయత్నించింది. రాలేదు. కత్తెర అందుకుంది.

"అమ్మాయ్, దారం కత్తిరించకూడదు, విప్పాలి..." అంటున్నారు మాస్టారు.

చటుక్కున కత్తిరించింది.

అతను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. వీపు వెనక కార్డులు తిరుగుతున్న చప్పుడు. ఒకటి, ఒకటి, ఒకటి. తర్వాత చప్పుడు ఆగింది. చించేద్దామని పరుగెత్తుకొచ్చిన కార్డు ఆమె చేతిలో ఉంది. ఇప్పుడు వెనక్కి లాక్కునే దారి లేదు. లాక్కోవాలనీ లేదు.

"ఇలా ఎవరైనా రాస్తారా?" అని గొంతు వచ్చింది. "కాదంటే పంపకండి అని? కాదన్నవాళ్ళే పంపాలి, అవునన్నవాళ్ళు అట్టేపెట్టుకోవాలి. పోనీ ఆ మాత్రం తెలియదా? మీ వాక్యాలు అప్పుడూ అంతే. ఇప్పుడూ అంతే."

"వాక్యంలో కూర్చోవడం లేదా?" అన్నాడతను తిరక్కుండానే.

"కూచుంటుందో లేదో చూడాలి."

బల్ల సొరుగు లాగి ఎర్రపెన్ను తీసింది. కార్డు మీద గీసింది. పడలేదు. విదిలించింది. సిరాబుడ్డి వంచింది. అడుగున ఎండిన పెచ్చు తప్ప ఏమీ లేదు.

అతను వచ్చి జేబులోంచి తన పెన్ను తీసి చాచాడు.

"నీలం పనికిరాదు. రూలు తెలియదా?"

గ్లాసులో నీళ్ళు రెండు చుక్కలు బుడ్డిలో పోసి, పెన్నుమొనతో కలిపి, మునివేలిని ముంచినంత జాగ్రత్తగా ముంచి, ముందువైపు టిక్కు పెట్టింది. పడింది. ఎర్రగా కాదు, లేత గులాబీరంగులో. కింద ఆనాటి తేదీ వేసింది. కాస్త ఆలోచించి, కార్డు తిప్పి వెనక ఇంకో ముక్క చేర్చింది: "ఆలస్యానికి నీలంసిరా బాధ్యత సగం. మాస్టారిది సగం."

మాస్టారు కార్డు అందుకుని, అలవాటు కొద్దీ ముందువైపు మాత్రమే చూశారు. "రెండు చేతులూ పడ్డాయి. బావుంది. సొరుగులో పెట్టేయండి" అన్నారు.

"ఇది సొరుగులోకి పోదు మాస్టారూ" అని ఆమె దాన్ని తన సంచిలో వేసుకుంది.

అప్పుడు గాని ఆయనకు వెనకవైపు ఏదో ఉందని అనుమానం రాలేదు.

*

ఆదివారం అతను తల్లిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. పెద్దమనిషి తరహాగా మాస్టారూ వచ్చారు. ఆమెను పెంచింది అమ్మమ్మే. ముందుగదిలో పీట మీద కూచుని, ఒళ్ళో చేట పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. వచ్చినవాళ్ళను కూచోమంది గాని ఒలవడం ఆపలేదు.

అతని తల్లి కొడుకు వంక చూసింది. కొడుకు నేల వంక చూశాడు. ఎర్రసిరా అమ్మాయి గుమ్మానికి ఆనుకుని కళ్ళద్దాలు తుడుచుకుంటోంది, అప్పటికి నాలుగోసారి.

ఇక తప్పదని మాస్టారు మొదలుపెట్టారు. కార్డుల సంగతి చెప్పారు. నీలంసిరా, ఎర్రసిరా, నోటితో వాదించకూడదన్న రూలు చెప్పారు. ఒక మాట రెండిళ్ళల్లో పుట్టడం, కట్ట రెండుగా విడిపోవడం, నల్లదారం, పండితుడు, పండితుడి కొడుకు, అన్నీ వరసగా చెప్పారు. మధ్యలో లాటిన్ ముత్తాతను కూడా వదల్లేదు. "మూలాలు వేరైనా చివరికి ఒకే మాటగా స్థిరపడ్డాయమ్మా. తప్పు నావల్ల జరిగింది. పిల్లలిద్దరూ మంచివాళ్ళు. ఇక మీరేమంటారు?"

అమ్మమ్మ చేతిలో ఉన్న కాయ చీల్చి, గింజలు చేటలో రాల్చి, తొక్క పక్కన పడేసింది. అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. మనవరాలిని కూడా అలాగే చూసింది.

"ఏమంటాను, చేసుకోండి, ఎవరొద్దన్నారు? అంతా బానే ఉంది గాని నాయనా, రోజూ ఎదురుగానే కూచునేవాడివి గదా. మధ్యలో ఉన్నది మూరెడు బల్ల. నోరు తెరిచి అడగడానికి నీకేమొచ్చింది, నోరు తెరిచి చెప్పడానికి దీనికేమొచ్చింది?"